గృహనిర్మాణ సహకార సంఘం (కర్నూలు, కడప ప్రాంతాలు)

గృహనిర్మాణ సహకార సంఘం అంటే ఇల్లు గానీ ఇంటి స్థలం గానీ కావలసినవారు వాటాలు వేసుకొని, సహకార చట్టం కింద నమోదు చేయించి, ఉమ్మడిగా నడుపుకొనే సంస్థ. దీనిలో ఇల్లు కోరేవారే సంస్థకు యజమానులు. ఎన్ని వాటాలున్నా సభ్యుడికి ఒకే ఓటు. మిగులు వస్తే పంచుకోవడానికి పరిమితి ఉంటుంది. ఈ మూడు లక్షణాలవల్ల ఇది లాభానికి స్థలాలు అమ్మే రియల్ ఎస్టేట్ వెంచరుకు భిన్నమైనది. ప్రభుత్వం లబ్ధిదారులకు కట్టించి ఇచ్చే కాలనీతో కూడా దీనికి పోలిక లేదు. అక్కడ ఇల్లు పొందేవాడు దరఖాస్తుదారుడు, ఇక్కడ సభ్యుడు. కర్నూలు, కడప పట్టణాల వాడుకలో దీన్ని ‘హౌసింగ్ సొసైటీ’ అనీ, అది పంచిన వాటిని ‘సొసైటీ ప్లాట్లు’ అనీ అంటారు.

ఈ వ్యాసం పాత కర్నూలు, కడప జిల్లాలకు సంబంధించినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో ఆ ప్రాంతం కర్నూలు, నంద్యాల, వై.ఎస్.ఆర్., అన్నమయ్య జిల్లాలుగా మారింది.

చరిత్ర

*చట్టానికి ముందు.* రాయలసీమ పల్లెల్లో ఇల్లు కట్టడం ఏనాడూ ఒక్క కుటుంబం పని కాదు. రాతి గోడల మీద దూలాలు, దంతెలు పరచి, పైన చవుడు మట్టి తొక్కించే మట్టి మిద్దెకు ఒకేసారి చాలామంది కూలీలు కావాలి. వానాకాలం ముందు మిద్దె మీద మళ్ళీ మట్టి వేయాలి. నా మిద్దెకు నువ్వొస్తే నీ మిద్దెకు నేనొస్తానన్న ముయ్యి పద్ధతిలో ఆ పని జరిగేది. రాతలేని ఈ ఏర్పాటును సహకార సంఘంగా లెక్కించలేం. దీనికి ఉమ్మడి ఆస్తి లేదు, లెక్కల పుస్తకం లేదు. అయితే తర్వాత వచ్చిన సంఘాలకు మనుషుల అలవాటును సమకూర్చింది ఇదేనని చెప్పవచ్చు.

*తొలి చట్టాలు.* ఆధునిక సహకారోద్యమం ఇంగ్లాండులోని రోచ్‌డేల్ పట్టణంలో 1844లో నేతపనివారు, ఇతర శ్రామికులు పెట్టిన సరుకుల దుకాణంతో మొదలైందని సాధారణంగా చెబుతారు. మద్రాసు రాష్ట్రంలో దానికి కారణం ఇల్లు కాదు, కరువు. 1876–78 నాటి మహాక్షామం కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసింది. రైతుల అప్పుల సమస్యను పరిశీలించిన ఫ్రెడరిక్ నికల్సన్ 1890లలో ఇచ్చిన నివేదిక జర్మనీలోని రైఫైజన్ తరహా పరపతి సంఘాలను సిఫారసు చేసింది. 1904లో పరపతి సంఘాల చట్టం వచ్చింది. పరపతికే పరిమితమైన ఆ చట్టాన్ని 1912 చట్టం ఇతర అవసరాలకూ విస్తరించింది. మద్రాసు రాష్ట్రం 1932లో తన సొంత సహకార చట్టం చేసుకొంది.

ఇళ్ళ రంగంలో దేశంలోనే తొలి సంఘంగా 1909 నాటి బెంగళూరు బిల్డింగ్ కో-ఆపరేటివ్ సొసైటీని పేర్కొంటారు. 1915లో బొంబాయి గాందేవిలో సారస్వతుల సంఘం ఏర్పడింది. బొంబాయిలో భవనం సంఘానిదిగా ఉండి సభ్యులు దానిలో నివసించే పద్ధతి బలపడింది. తెలుగు జిల్లాల్లో మాత్రం స్థలం కొని, ముక్కలు చేసి, సభ్యుల పేర్లకు రాసిచ్చే పద్ధతే ఎక్కువ. ఈ తేడా సంఘాల తర్వాతి నడకను చాలావరకు నిర్ణయించింది.

*రాజధాని కాలం.* 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు దానికి రాజధాని అయింది. కార్యాలయాలకు, ఉద్యోగులకు చోటు చాలక గుడారాలు వేశారు. ప్రభుత్వ క్వార్టర్లున్న ఎ, బి, సి క్యాంపుల పేర్లు నగరంలో నేటికీ వాడుకలో ఉన్నాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది. అయినా జిల్లా కేంద్రాలలో ఉద్యోగవర్గం పెరుగుతూ వచ్చింది. నెల జీతం, వాయిదా కట్టే స్తోమత, దరఖాస్తు భాష తెలిసి ఉండటం ఈ వర్గానికి కలిసివచ్చాయి. రాష్ట్రంలో గృహనిర్మాణ సంఘాలకు ప్రధాన ఆధారం ఈ వర్గమే. కడపలోని ‘కోఆపరేటివ్ కాలనీ’, కడప, నంద్యాల పట్టణాల్లోని ‘ఎన్.జి.ఓ. కాలనీ’ వంటి పేర్లలో ఆ చరిత్ర కనబడుతుంది. ఇక్కడ ఎన్.జి.ఓ. అంటే గెజిటెడ్ హోదా లేని ప్రభుత్వోద్యోగి.

*చట్టాల మార్పు.* ఆంధ్ర ప్రాంతంలోని మద్రాసు చట్టం, తెలంగాణ ప్రాంతంలోని హైదరాబాదు చట్టం స్థానంలో ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం, 1964 వచ్చింది. సంఘాల మీద రిజిస్ట్రారుకు, ప్రభుత్వానికి ఈ చట్టం విస్తృతాధికారాలు ఇచ్చింది. ఎన్నికలు వాయిదా వేయడం, పాలకవర్గాన్ని తొలగించి అధికారిని కూర్చోబెట్టడం మామూలయ్యాక విమర్శలు పెరిగాయి. హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన సహవికాస వంటి సంస్థల కృషితో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, 1995 వచ్చింది. ప్రభుత్వ వాటా ధనం తీసుకోని సంఘాలకు స్వయంపాలన ఇచ్చిన ఇలాంటి చట్టం దేశంలో ఇదే మొదటిది. నేడు గృహనిర్మాణ సంఘం రెండింటిలో దేని కిందైనా నమోదు కావచ్చు.

97వ రాజ్యాంగ సవరణ (2011) సహకార సంఘాలు పెట్టుకోవడాన్ని ప్రాథమిక హక్కులలో చేర్చింది. ఆ సవరణ తెచ్చిన తొమ్మిది-బి భాగం ఒకే రాష్ట్రంలో పనిచేసే సంఘాలకు వర్తించదని 2021 జులైలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అందువల్ల కర్నూలు, కడప సంఘాలకు రాష్ట్ర చట్టాలే ఆధారం.

ఎమ్మిగనూరు నేత సంఘం

ఈ ప్రాంతంలో ఇంటినీ పనినీ కలిపి చూసిన సహకార ప్రయత్నం ఉద్యోగుల సంఘాల్లో కాక కర్నూలు జిల్లా ఎమ్మిగనూరు నేతపనివారిలో కనబడుతుంది. మాచాని సోమప్ప నాయకత్వంలో 1938లో అక్కడ చేనేత కార్మికుల సహకార సంఘం ఏర్పడింది. సోమప్పకు 1954లో పద్మశ్రీ లభించింది. నూలు ఇవ్వడం, బట్ట కొనడం, అమ్మడం సంఘం ప్రధాన పనులు. దానికి తోడు నేతన్నలకు కాలనీ కూడా ఏర్పడింది.

చేనేతకు ఇల్లే కార్ఖానా. గుంట మగ్గానికి నేలలో గుంత కావాలి, పడుగు సాగదీయడానికి పొడవైన చోటు కావాలి, వాన నీరు గుంతలోకి రాకూడదు. అద్దె ఇంట్లో గుంత తవ్వనిచ్చే యజమాని దొరకడం కష్టం. అందుకే నేతపనివారికి సొంతిల్లు ఉపాధికే మూలం. 1953లో కేంద్రం మిల్లు బట్ట మీద విధించిన అదనపు ఎక్సైజు సుంకంతో చేనేత అభివృద్ధికి నిధి ఏర్పడింది. దాని సాయంతో దేశంలో పలుచోట్ల నేత సంఘాల ద్వారా ఇళ్ళ కాలనీలు కట్టించారు. కూలి ఇచ్చేదీ, ఇంటి వాయిదా వసూలు చేసుకొనేదీ ఒకే సంఘమైతే బాకీ పేరుకోకుండా చూసుకొనే వీలుంటుంది. దీనికి మరో పక్క కూడా ఉంది. సంఘానికి బట్ట అమ్ముడుపోని రోజున నేతవాడి కూలి, వాయిదా ఒక్కసారే ఆగిపోతాయి.

రకాలు

*స్థల సంఘం.* భూమి కొని, లేఅవుటు వేసి, సభ్యులకు ప్లాట్లు రిజిస్టరు చేస్తుంది. ఇల్లు కట్టుకోవడం సభ్యుడి వంతు. రాయలసీమలో సంఘమంటే ఎక్కువగా ఇదే.

*నిర్మాణ సంఘం.* స్థలంతోపాటు ఇల్లూ కట్టించి, వాయిదాలు తీరాక సభ్యుడి పేరిట రాసిస్తుంది. నేత కాలనీలు ఈ కోవకు దగ్గర.

*ఉమ్మడి యాజమాన్య సంఘం.* భవనం శాశ్వతంగా సంఘానిదే. సభ్యుడికి నివసించే హక్కు, వాటా మాత్రమే ఉంటాయి. బొంబాయిలో ఇది విస్తారంగా ఉంది. స్వీడన్, స్విట్జర్లాండు, ఉరుగ్వే దేశాల్లోనూ ఇలాంటి పద్ధతులు బలంగా ఉన్నాయి. రాయలసీమలో అరుదు. భూమి తన పేరిట ఉంటేనే ఆస్తిగా భావించడం దీనికి ముఖ్య కారణం.

*రుణ సంఘం.* తనఖా మీద అప్పిస్తుంది. జీవిత బీమా సంస్థ డబ్బు రాష్ట్రస్థాయి సమాఖ్య ద్వారా ప్రాథమిక సంఘానికి, అక్కడినుంచి సభ్యుడికి చేరేది. జాతీయ గృహనిర్మాణ బ్యాంకు (1988), ఎల్.ఐ.సి. హౌసింగ్ ఫైనాన్స్ (1989) వచ్చి, బ్యాంకులు నేరుగా వ్యక్తులకు ఇంటి అప్పులివ్వడం పెరిగాక ఈ వరుసకు అవసరం తగ్గింది.

*నిర్వహణ సంఘం.* కట్టిన అపార్టుమెంటు మెట్లు, లిఫ్టు, సంపు, మోటారు బాగోగులు చూస్తుంది. అపార్టుమెంట్ల చట్టం (1987) ప్రకారం ఫ్లాటు యజమానులకు సంఘం ఉండాలి. కొందరు దాన్ని సహకార చట్టం కింద, చాలామంది సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం (2001) కింద నమోదు చేస్తారు. రెండో తరహాకు ‘సొసైటీ’ అనే పేరున్నా అది సహకార సంఘం కాదు.

సభ్యత్వం

*అర్హత.* కొత్త సంఘానికి వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పదిమంది కావాలి. నడుస్తున్న సంఘంలో చేరాలంటే బైలాల ప్రకారం అర్హత ఉండాలి. సాధారణంగా మూడు షరతులుంటాయి. మేజరై ఉండాలి. సంఘం కార్యపరిధిలో నివాసం గానీ ఉద్యోగం గానీ ఉండాలి. ఆ పట్టణంలో తన పేరిటగానీ, భార్య లేక భర్త పేరిటగానీ ఇల్లు, ఇంటి స్థలం ఉండకూడదు. మూడో షరతుకు ప్రమాణ పత్రం అడుగుతారు. తర్వాత విచారణల్లో ఎక్కువగా బయటపడే లోపం కూడా ఈ పత్రానిదే.

*చేరే పద్ధతి.* దరఖాస్తు, ప్రవేశ రుసుము, కనీస వాటా ధనం, వారసుడి నామినేషను అవసరం. పాలకవర్గం తీర్మానంతో సభ్యుల రిజిస్టరులో పేరు ఎక్కుతుంది. రశీదు ఉన్నంత మాత్రాన సభ్యత్వం వచ్చినట్టు కాదు. తీర్మానం సంఖ్య, రిజిస్టరులో వరుస సంఖ్య తెలుసుకోవాలి. స్థలాలు తక్కువై సభ్యులు ఎక్కువైతే ఆ వరుసే సీనియారిటీ అవుతుంది. కొన్ని సంఘాలు సీనియారిటీతో అర్హుల జాబితా తయారుచేసి, ఏ ప్లాటు ఎవరిదన్నది చీటీలు తీసి తేలుస్తాయి. మూల ప్లాటు, తూర్పు ముఖం ప్లాటు అందరూ కోరతారు గనుక చీటీకే నమ్మకం ఎక్కువ.

*వాటా, ధర.* వాటా ధనం నామమాత్రమే. అసలు ఖర్చు భూమి ధర, రోడ్లు, కాలువలు, విద్యుత్తు, అనుమతుల రుసుములు. ఈ ప్రాంతంలో లెక్క సెంట్లలో సాగుతుంది. ఎకరాకు 100 సెంట్లు, సెంటుకు 48.4 చదరపు గజాలు. ఉదాహరణకు సంఘం 10 ఎకరాలు కొన్నదనుకుంటే మొత్తం 1,000 సెంట్లు. రోడ్లకు 30 శాతం, ఖాళీ స్థలానికి 10 శాతం పోతే మిగిలేది 600 సెంట్లు. అయిదేసి సెంట్ల చొప్పున 120 మందికి వస్తుంది. అంటే సభ్యుడు అయిదు సెంట్లకు కాక సుమారు 8.33 సెంట్లకు భూమి ధర భరిస్తాడు. ఈ లెక్క ముందే చెప్పని సంఘాల్లో రెండో వాయిదా దగ్గర గొడవలు మొదలవుతాయి.

*సాముదాయిక పరిమితులు.* సహకార సూత్రాల్లో మొదటిది స్వచ్ఛంద, బహిరంగ సభ్యత్వం. ఆచరణలో ఉద్యోగం, వృత్తి, శాఖ ఆధారంగా పరిమితి పెట్టుకొన్న సంఘాలు అనేకం. మతం ఆధారంగా పరిమితి చెల్లుతుందా అన్న ప్రశ్న అహ్మదాబాదులోని జొరాస్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘం కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. పార్సీలకే సభ్యత్వమన్న బైలా చెల్లుతుందని 2005 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. ఇష్టంగా కూడినవారు తమ నియమం తాము పెట్టుకోవచ్చన్నది దాని తర్కం. ఒకే సమూహం వారున్నచోట వాయిదాల వసూలు, రాజీలు తేలికవుతాయని సమర్థకులు అంటారు. ఇంటి అద్దె దగ్గరే కులం, మతం అడిగే పట్టణాల్లో ఇది వేర్పాటును చట్టబద్ధం చేస్తుందని విమర్శకులు అంటారు. విమర్శకుల మాటే ఎక్కువ బరువైనది, ఎందుకంటే పట్టణంలో భూమి పరిమితం, మూసిన ప్రతి లేఅవుటూ బయటివారికి అందుబాటులో ఉన్న చోటును తగ్గిస్తుంది.

భూమి

సంఘం బలం దాని భూమి పత్రాలలో ఉంటుంది. కర్నూలు, కడప పట్టణాల చుట్టుపక్కల కొన్ని రకాల భూములు ప్రత్యేకంగా జాగ్రత్త కోరతాయి. ప్రభుత్వం భూమిలేని పేదలకిచ్చిన పట్టాను రాయలసీమలో డి.కె.టి. పట్టా అంటారు. 1977 చట్టం దాని అమ్మకాన్ని నిషేధించింది; 2023 సవరణ ఇరవై ఏళ్ళు దాటిన పట్టాలకు సడలింపు ఇచ్చింది. నిషేధానికి విరుద్ధంగా కొన్నవారి హక్కు చెల్లదు. కర్నూలు నవాబుల పాలనలో ఉన్న ప్రాంతం గనుక వక్ఫ్ భూములూ, పలుచోట్ల దేవాదాయ, ఇనాం భూములూ ఉన్నాయి. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో పేరు బదులు చుక్కలు పెట్టిన సర్వే నంబర్లు ‘చుక్కల భూములు’. వీటి పరిష్కారానికి 2017లో వేరే చట్టం వచ్చింది. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షను కింద నిషేధిత జాబితాలో ఉన్న సర్వే నంబరులో ప్లాటు రిజిస్టరు కాదు. చేరేవారు ఇ.సి. (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం)తోపాటు ఈ జాబితానూ, అడంగలు (గ్రామ భూమి సాగు రికార్డు)నూ చూడాలి.

వంకలు మరో విషయం. వాన తక్కువ ప్రాంతమని వంక పోరంబోకును చదును చేసి ప్లాట్లు వేయడం కద్దు. ఏటా సగటు వర్షపాతం 600–700 మిల్లీమీటర్ల స్థాయిలో ఉన్నా అది కొద్దిరోజుల్లో కుంభవృష్టిగా పడటం సీమకు కొత్త కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ వరదతో కర్నూలు నగరంలో లోతట్టు పేటలు మునిగాయి. కడపకు బుగ్గవంకతో ఇదే అనుభవం. గ్రామ పటంలో వంక ఎక్కడ గీసి ఉందో చూడటం ఇ.సి. చూడటమంత అవసరం.

లేఅవుటుకు పట్టణ ప్రణాళికా విభాగం లేక పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి కావాలి. పార్కు, రోడ్లు స్థానిక సంస్థకు దఖలు పడతాయి. సంఘమే నిర్మాణం చేసి బయటివారికీ అమ్మితే 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టపు షరతులు వర్తించవచ్చు.

నీరు, నిర్మాణం

శివారు లేఅవుటుకు పురపాలక సంఘం కుళాయి రావడానికి ఏళ్ళు పట్టవచ్చు. అంతవరకు ఉమ్మడి బోరు, ఓవర్‌హెడ్ ట్యాంకు, ఎండల్లో ట్యాంకరు నీళ్ళు. నిజానికి ప్లాట్లు పంచాక సంఘాన్ని నిలిపేది ఈ బోరే. మోటారు కాలితే ఎవరు కట్టాలి, ఖాళీ ప్లాటువాడు నీటి చందా ఇవ్వాలా అన్నవి సమావేశాల్లో తరచు వచ్చే ప్రశ్నలు. ఇంకుడు గుంతలు, ఉమ్మడి వాననీటి ఏర్పాటు లేఅవుటు దశలోనే చేసుకొంటే ఖర్చు తక్కువ, ఒకసారి గోడలు లేచాక చేయడం కష్టం.

రాయి విషయంలో ఈ ప్రాంతానిది మంచి స్థితి. కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్ళు నేలకు, గట్లకు, మెట్లకు, ప్రహరీకి దగ్గరలోనే దొరుకుతాయి. ఇటుక, సిమెంటు, ఇనుము, బండలు సంఘం పేరిట ఒకేసారి కొంటే ధరలో, రవాణాలో కలిసివస్తుంది. స్థలం పంచి ఊరుకొనే సంఘాలు ఈ లాభాన్ని వదులుకొంటున్నాయి.

పాలన

అత్యున్నతాధికారం సర్వసభ్య సమావేశానిది. వాడుకలో దీన్నే మహాజన సభ అంటారు. బడ్జెటు, ఆడిట్ నివేదిక, బైలాల సవరణ, భూమి కొనుగోలు దాని ముందుకు రావాలి. రోజువారీ పని ఎన్నికైన పాలకవర్గానిది. అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి, డైరెక్టర్లు ఉంటారు. 1964 చట్టం కింద నమోదైన సంఘాలపై జిల్లా సహకార అధికారి, డిప్యూటీ రిజిస్ట్రారు పర్యవేక్షణ ఉంటుంది. పాలకవర్గం లేనప్పుడు పర్సన్ ఇన్‌చార్జిని నియమిస్తారు. 1995 చట్టం కింద సంఘాలు తమ ఎన్నికలు, ఆడిట్ తామే ఏర్పాటు చేసుకొంటాయి. స్వేచ్ఛ ఎక్కువే గానీ, సభ్యులు సమావేశానికి రాకపోతే ఆ స్వేచ్ఛ ఇద్దరు ముగ్గురు డైరెక్టర్ల చేతిలో మిగులుతుంది.

పన్నుల సంగతి క్లుప్తంగా: నివాసితుల సంఘం సభ్యుడి నుంచి నెలకు వసూలు చేసే నిర్వహణ రుసుము 7,500 రూపాయల వరకు జి.ఎస్.టి. మినహాయింపు ఉంది. కర్నూలు, కడప స్థాయిలో ఈ పరిమితి దాటే సంఘాలు అరుదు.

వివాదాలు

1964 చట్టం 51వ సెక్షను కింద రిజిస్ట్రారు విచారణకు ఆదేశించవచ్చు. నిధుల దుర్వినియోగం రుజువైతే 60వ సెక్షను కింద బాధ్యుల నుంచి వసూలు చేయవచ్చు (దీన్ని సర్‌చార్జి అంటారు). సభ్యుడికీ సంఘానికీ మధ్య తగాదా 61వ సెక్షను కింద మధ్యవర్తిత్వానికి వెళుతుంది. సాధారణంగా వచ్చే ఫిర్యాదులు: బినామీ సభ్యత్వాలు, ఒకే ప్లాటును ఇద్దరికి రాయడం, పార్కు స్థలం అమ్మడం, చనిపోయిన సభ్యుడి వారసులకు వరుస దక్కకపోవడం.

ప్రభుత్వ భూమిని చౌకగా పొందే సంఘాల ప్రశ్న వేరు. హైదరాబాదు మహానగర పరిధిలో ఎం.పి.లు, ఎమ్మెల్యేలు, అఖిల భారత సర్వీసు అధికారులు, న్యాయమూర్తులు, పాత్రికేయుల సంఘాలకు ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం చేసిన కేటాయింపులను 2024 నవంబరు 25న సుప్రీంకోర్టు కొట్టివేసింది. పలుకుబడి గలవారిని విడిగా ఒక వర్గంగా చేసి ప్రజల భూమి తక్కువ ధరకు ఇవ్వడం సమానత్వ సూత్రానికి విరుద్ధమని చెప్పింది. తీర్పు హైదరాబాదుకు సంబంధించినదైనా, జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ స్థలం కోరే సంఘాలు దాన్ని పట్టించుకోక తప్పదు.

ముగింపు, రద్దు

స్థల సంఘం ఆఖరి ప్లాటు రిజిస్టరు చేయగానే దాని ప్రకటిత లక్ష్యం పూర్తవుతుంది. ఆ తర్వాత మూడు దారులుంటాయి. కొన్ని పక్క భూమి కొని రెండో దశకు సభ్యుల్ని చేర్చుకొంటాయి. కొన్ని నీరు, పార్కు, కాపలా చూసే నిర్వహణ సంఘంగా బైలాలు మార్చుకొంటాయి. ఎక్కువ భాగం ఆడిట్ జరగక, ఎన్నికలు లేక రిజిస్టరులో పేరుగా మిగులుతాయి. అలాంటి వాటిని 64వ సెక్షను కింద మూసివేసి లిక్విడేటరును నియమించవచ్చు. లిక్విడేటరు అప్పులు తీర్చి, వాటా ధనం తిరిగిచ్చి, రికార్డులు సహకార శాఖకు అప్పగిస్తాడు. అప్పటికి ప్లాటు రాయించుకోని సభ్యులెవరైనా ఉంటే వారి సంగతి లిక్విడేటరు నియామకానికి ముందే తేల్చుకోవాలి. సంఘం రద్దయ్యాక దస్తావేజు మీద సంతకం చేయడానికి అధికారం గల కార్యదర్శి ఉండడు.